పేపర్ రాకముందే నలుగురికీ చెబితే నా ప్రాజెక్టు కొట్టేస్తారా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎంఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో పీజీ) చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఇంటి దగ్గర్లోని ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో రెండేళ్ల ఇష్యూ లెక్కలు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ నుంచి తీశాను. తెలుగు సాహిత్యం ర్యాకుల్లో చాలా పుస్తకాలు ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదని తేలింది. రాయడం ఇంకా పూర్తి కాలేదు. అక్కడి లైబ్రేరియన్ మేడం ‘శనివారం భోజనాలయ్యాక మా స్టాఫ్‌కి, పక్క కాలేజీల లైబ్రేరియన్లకు ఓ పది నిమిషాలు చెప్పు’ అంటున్నారు. పేపర్ (పరిశోధన వ్యాసం) అచ్చులో రాకముందే చెబితే ఐడియా ఎవరైనా కొట్టేస్తారని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. ఇలాంటివి ఉద్యోగానికి లెక్కలోకి రావు, కూర్చుని నెట్ పరీక్షకు చదువుకోమని నాన్న అంటున్నారు. అంత అనుభవం ఉన్నవాళ్ల ముందు ఏం తప్పు మాట్లాడతానో అని నాకూ బెరుగ్గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వెళ్లి చెప్పండమ్మా. ప్రాజెక్టు పూర్తయ్యాక చెప్పొచ్చులే అని వాయిదా వేయకండి. ఇంకా దిద్దుకునే వీలున్నప్పుడే చెప్పాలి.

ముందు మీ నాన్నగారి మాట తీసుకుందాం. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీ లైబ్రేరియన్‌కైనా, యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌కైనా పీజీలో 55 శాతం మార్కులతో పాటు నెట్ గానీ, రాష్ట్ర స్థాయిలో జరిగే సెట్ గానీ అడుగుతారు. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసినవాళ్లకు మినహాయింపు ఉంటుంది. భోజనాల తర్వాత మాట్లాడిన పది నిమిషాలకు దరఖాస్తులో మార్కులేం పడవు. నెట్‌లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు. ఆ చదువు ఆపమని నేను చెప్పను. కానీ ఈ శనివారానికి తయారు కావడానికి రెండు సాయంత్రాలు చాలు. దానివల్ల నెట్ ప్రిపరేషన్ దెబ్బతినదని నాన్నగారికి నచ్చజెప్పండి.

ఇక చెప్పడం ఎందుకంటారా? నా సంగతే చెబుతాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. అప్పటికి మాకు కంప్యూటర్ లేదు. పుస్తకం చివర అంటించిన డేట్ స్లిప్ చూసి, రెండేళ్లుగా ఒక్క స్టాంపు కూడా పడని పుస్తకాలన్నీ జాబితా రాశాను. వాటిని తీసేసి ఆ జాగాలో కొత్తవి పెట్టాలని నా ఆలోచన. ప్రిన్సిపల్‌గారికి ఇచ్చే ముందు, ఒకరోజు టిఫిన్ డబ్బాలు మూసేశాక ఆ కాగితాలు మా వాళ్ల ముందు పెట్టాను. మా అటెండర్ పెద్దాయన ఒక్కో పేజీ తిప్పుతూ ఒకచోట వేలు పెట్టి ఆగాడు. అదొక స్టాటిస్టిక్స్ పుస్తకం. ‘దీన్ని ఎవలు ముడ్తలేరని ఎవలన్నరు మేడం? రోజు సదువుతరు. ఇంకొకలకు దొరకొద్దని ఎన్క ర్యాకుల దాస్తరు. పొద్దుగూకంగ నేనే ఏరి తెచ్చి పెడ్త’ అన్నాడు.

వెంట తీసుకెళ్లి చూపించాడు. సంస్కృత వ్యాకరణం ర్యాకు, ఎవరూ అటు రారు. ముందు వరస పుస్తకాలు జరిపితే వెనక గోడకు ఆనించి నాలుగు పుస్తకాలున్నాయి. స్టాటిస్టిక్స్ పుస్తకంలో ఎక్కడిదాకా చదివారో గుర్తుగా ఒక బస్సు టికెట్. అట్ట అంచులు చెమటకు నల్లబడ్డాయి. అప్పుడు అర్థమైంది. ఒక్కో విద్యార్థికి రెండు కార్డులే ఇచ్చేవాళ్లం, ఆ రెండింటి మీదా సిలబస్ పుస్తకాలు తీసుకెళ్లేవారు. మిగతావి లైబ్రరీలోనే కూర్చుని చదువుకునేవారు. నేను లెక్కపెట్టింది స్టాంపుల్ని. చదువు నా లెక్కకు అందనేలేదు. ఆ జాబితా అలాగే పైకి వెళ్లి ఉంటే ఎన్ని మంచి పుస్తకాలు అటకెక్కేవో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మీ లెక్కలోనూ అదే జరిగి ఉండొచ్చు. తెలుగు పుస్తకాలు ఇష్యూ కాలేదు కాబట్టి పిల్లలు తెలుగు చదవడం లేదని రాసేయకండి. అక్కడే టేబుల్ మీద చదివి వదిలేస్తున్నారేమో. లేకపోతే ఆ ర్యాకులు ఏ చీకటి మూలో ఉన్నాయేమో, క్యాటలాగులో పేర్లు ఒకరు తెలుగు లిపిలో, ఇంకొకరు ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించడంతో వెతికినా దొరకడం లేదేమో. ఇవన్నీ తెలిసినవాళ్లు శనివారం మీ ఎదురుగానే కూర్చుంటారు. టేబుళ్ల మీద వదిలేసిన పుస్తకాలను సర్దే ముందు కౌంటర్లో స్కాన్ చేస్తే, ఇష్యూ కాకుండా లోపలే వాడిన పుస్తకాలుగా నమోదు చేసుకునే సెట్టింగు కోహాలో ఉంది. అది ఆన్‌లో ఉందో లేదో మేడం గారిని అడగండి. లేకపోతే ఒక నెలపాటు పెట్టించి చూడండి. ప్రాజెక్టులో ఒక అధ్యాయానికి సరిపడా సరుకు దొరుకుతుంది.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారి అయిదు సూత్రాలు మీరు పరీక్షల కోసం బట్టీ పట్టే ఉంటారు. 1931లో పుస్తకంగా వచ్చిన ఆ సూత్రాల్లో మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉండాలంటుంది. మీరు చేస్తున్నది అచ్చంగా ఆ మూడో సూత్రం పనే. మీ మొదటి వాక్యం అక్కడి నుంచే మొదలుపెట్టండి, బెరుకు కొంత తగ్గుతుంది.

పీపీటీ వద్దు. ఒక్క పట్టిక కాగితం మీద అచ్చు వేసి అందరికీ ఇవ్వండి. తెలుగులోనే మాట్లాడండి, పుస్తకాలు సర్దే అటెండర్లను కూడా కూర్చోబెట్టమని మేడం గారిని అడగండి. వాళ్లు లేకపోతే ఆ సమావేశం సగమే. నాకు తేలింది ఇదీ అని చెప్పాక, నాకు అంతుపట్టనిది ఇదీ అని రెండు ప్రశ్నలు వాళ్ల ముందు పెట్టండి. తప్పు మాట్లాడతానన్న మీ భయానికి అదే మందు. అడగడానికి వచ్చినమ్మాయిని ఎవరూ తప్పు పట్టరు. ఎవరేం చెప్పారో పేరుతో సహా రాసుకోండి. ప్రాజెక్టులో కృతజ్ఞతలు చెప్పేచోట అటెండరు పేరు కూడా ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. కోహా నుంచి తీసిన షీటులో ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో, వాళ్ల పేర్లు, రోల్ నంబర్లు కూడా ఉండొచ్చు. ఆ కాలమ్‌లు తీసేయకుండా ఆ షీటు ఎవరికీ చూపించొద్దు, పక్క కాలేజీవాళ్లకు అసలే వద్దు. ఏ పిల్లవాడు ఏం చదివాడన్నది లైబ్రరీ గడప దాటకూడదు.

కొట్టేయడం గురించి. మీ లెక్కలు మీ దగ్గరున్నాయి, ఆ రెండేళ్ల డేటా మీద రోజుల తరబడి కూర్చుంది మీరు. పది నిమిషాలు విన్నవాళ్లు దాన్నంతా మళ్లీ చేయలేరు. అయినా జాగ్రత్త మంచిదే. మీరిచ్చే కాగితం మీద పేరు, తేదీ, ‘పని ఇంకా జరుగుతోంది’ అన్న మాట రాయండి. ముందు రోజు అదే కాగితాన్ని మీ గైడ్‌కు మెయిల్ చేసి, ఆయన సరేనన్నాకే మాట్లాడండి. రాయడం పూర్తయ్యాక గైడ్ అనుమతితో జెనోడోలో పెట్టుకోవచ్చు. యూరప్‌లోని పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న ఆన్‌లైన్ పరిశోధన భాండాగారం అది, పైసా అడగరు. తేదీతో సహా డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది కాబట్టి ముందు ఎవరు చేశారన్న పేచీ ఉండదు. నలుగురి ముందు నోటితో చెప్పినందుకు సాధారణంగా పత్రికలు అభ్యంతరం పెట్టవు. పూర్తి వ్యాసం ముందే ఆన్‌లైన్‌లో పెట్టడం మీద మాత్రం ఒక్కో పత్రికది ఒక్కో పద్ధతి. పంపదలచిన పత్రిక నిబంధనలు చదివాకే జెనోడో జోలికి వెళ్లండి.

పక్క కాలేజీ లైబ్రేరియన్లు వస్తున్నారన్నారు చూడండి, నాకు బాగా ఆశ కలిగించింది అదే. వాళ్లూ కోహా వాడుతుంటే మీరు వాడిన రిపోర్టు క్వెరీ (లెక్కలు తీయడానికి కోహాకు ఇచ్చే ఆదేశం) వాళ్లకిచ్చేయండి. అదే క్వెరీ వాళ్ల దగ్గరా నడిపితే ఒక కాలేజీ కథ మూడు కాలేజీలదవుతుంది. అప్పుడు వచ్చే పేపర్‌కు బరువు వేరు, అందులో మీ పేరు ముందుంటుంది. పేర్ల వరస మాత్రం మొదటి రోజే మాట్లాడుకోండి, మొహమాటపడితే తర్వాత మనసులు నొచ్చుకుంటాయి.

వీలుచూసుకుని ఓ సాయంత్రం సుల్తాన్ బజార్ వెళ్లి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కూడా చూసి రండి. 1901లో పెట్టిన గ్రంథాలయం. తెలుగు పుస్తకం కోసం ఇప్పుడు ఎవరు వస్తున్నారు, ఏం అడుగుతున్నారని అక్కడివాళ్లను అడిగితే మీ పట్టిక మీకే కొత్తగా కనిపిస్తుంది.

నాన్నగారికి ఇంకొక్క మాట. అవే యూజీసీ నిబంధనలు పైస్థాయి పోస్టులకు, అంటే డిప్యూటీ లైబ్రేరియన్, యూనివర్సిటీ లైబ్రేరియన్‌కు, పీహెచ్‌డీతో పాటు లైబ్రరీలో వినూత్నమైన సేవలు అందించినట్లు ఆధారాలు కూడా అడుగుతాయి. మీ మాట విని ఆ కాలేజీవాళ్లు తెలుగు ర్యాకులు వెలుతురులోకి జరిపినా, లోపలి వాడకం నమోదు మొదలుపెట్టినా, మేడం గారి చేత లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాయించుకుని ఫైల్లో పెట్టుకోండి. శనివారం ఎవరేమన్నారో నాకూ రాయండి, ముఖ్యంగా అటెండర్లు ఏమన్నారో.