పాత డబుల్ నెక్ పెడల్ స్టీల్ మీద ఉన్న రెండు స్విచ్‌లు, టోన్ నాబ్ ఏం చేస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చేతులు మారి మీ దగ్గరికి వచ్చిన డబుల్ నెక్ పెడల్ స్టీల్ (కాళ్ల మీద నిలబెట్టి, తీగల మీద లోహపు బార్ జరుపుతూ, పెడళ్లతో స్వరం మార్చే గిటార్; నెక్ అంటే ఒక తీగల వరస, ఇందులో రెండుంటాయి) మీద మూడు స్థానాల స్విచ్ ఒకటి, రెండు స్థానాల స్విచ్ ఒకటి, అక్షరాలు చెరిగిపోయిన నాబ్ ఒకటి ఉన్నాయి. ఏది దేనికో చెప్పే కాగితం లేదు. శబ్దం బలహీనంగా, దుప్పటి కప్పినట్టు వస్తోంది. పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) మార్చాలా అని అడిగారు.

పికప్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. నేను సరిగ్గా ఇదే స్థితిలో నాలుగు నెలలు ఉన్నాను. తీగలు రెండుసార్లు మార్చాను, కేబుళ్లు మార్చాను, పికప్ పాడైందని నమ్మి కొత్తది వెతకడం కూడా మొదలుపెట్టాను. చివరికి చూస్తే పికప్‌కు ఏమీ కాలేదు. మూడు స్థానాల స్విచ్ మధ్యలో ఉంది, రెండో స్విచ్ టోన్ నాబ్‌ను సర్క్యూట్‌లో పెట్టి ఉంచింది, ఆ నాబ్ సగానికి దిగి ఉంది. అంతే.

మూడు స్థానాల స్విచ్ దాదాపు ఖాయంగా నెక్ సెలెక్టర్, అంటే ఏ నెక్ పలకాలో ఎంచుకునేది. ఒక చివర మీకు దూరంగా ఉండే నెక్, మామూలుగా అది ఇ9 ట్యూనింగ్ (తీగలను శ్రుతి చేసే ఒక తీరు). ఇంకో చివర మీకు దగ్గరగా ఉండేది, సి6 అనే వేరే ట్యూనింగ్. మధ్యలో పెడితే రెండు పికప్‌లూ ఒకేసారి ఆన్. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రెండూ పక్కపక్కన కలిసినప్పుడు, మీరు వాయిస్తున్న నెక్ నుంచి వచ్చే సిగ్నల్‌కు ఖాళీగా ఉన్న రెండో పికప్ కూడా భారమే. బలం ఇంచుమించు సగానికి పడిపోతుంది. పైగా మీరు ముట్టుకోని నెక్ మీది తీగలు వాటంతటవే కంపిస్తూ ప్రతి స్వరం వెనకా ఒక పొగమంచులా వినిపిస్తాయి. ఒక నెక్ నుంచి ఇంకోదానికి వెంటవెంటనే మారాల్సిన పాటలో తప్ప ఆ మధ్య స్థానం నాకు ఎన్నడూ పనికి రాలేదు.

రెండు స్థానాల స్విచ్ విషయంలో ఊహించకండి, పరీక్షించండి. అది రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తుండవచ్చు. టోన్ నాబ్‌ను సర్క్యూట్‌లో ఉంచడం, తీసేయడం మొదటిది. హంబకర్ (హమ్ తగ్గించడానికి రెండు తీగచుట్టలు, అంటే కాయిళ్లు, ఉండే) పికప్ ఉంటే ఆ రెండు కాయిళ్లలో ఒకదాన్ని ఆపడం రెండోది. తెలుసుకోవడానికి గిటార్ విప్పాల్సిన పని లేదు. మామూలు మల్టీమీటర్ చాలు. గిటార్‌కు ఒక కేబుల్ పెట్టి, రెండో చివర ఆంప్‌కు (యాంప్లిఫయర్‌కు) గానీ వాల్యూమ్ పెడల్‌కు (కాలితో శబ్దం పెంచి తగ్గించేదానికి) గానీ తగిలించకుండా, ఆ ప్లగ్ కొసకూ బయటి తొడుగుకూ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. గిటార్ మీద వాల్యూమ్ నాబ్ కూడా ఉంటే దాన్ని ముందు పూర్తిగా తెరవండి.

నా గిటార్‌లో సెలెక్టర్ ఒక చివర 17.5 కిలో ఓమ్‌లు, ఇంకో చివర 17.8 చూపించింది. మధ్యలో 8.8. సగానికి పడిందంటే రెండు పికప్‌లూ కలిశాయన్నమాట. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, ఈ తీరు మాత్రం ఇలాగే ఉండాలి. ఇప్పుడు సెలెక్టర్‌ను ఒక చివర ఉంచి రెండో స్విచ్ మార్చండి. అంకె బాగా పడిపోతే అది కాయిల్ స్విచ్. అంకె కదలకుండా శబ్దం మాత్రం మారితే అది టోన్ స్విచ్. కారణం సులువు: టోన్ సర్క్యూట్‌లో కెపాసిటర్ ఉంటుంది, మీటర్ పంపే డీసీ దాని గుండా పోదు, అందుకే టోన్ నాబ్ ఎంత తిప్పినా రీడింగ్ మారదు. మీటర్ లేకపోతే ఆంప్ బాగా తగ్గించి, స్క్రూడ్రైవర్ కొసతో ఒక్కో పికప్ మీద సుతారంగా తట్టండి. ‘టక్’ మని గట్టిగా పలికిందే ఆన్‌లో ఉంది. కాయిల్ స్విచ్ అయితే ఒక వైపుకు వేయగానే హమ్ పెరగడం కూడా వినిపిస్తుంది.

ఇక టోన్ నాబ్. దీని గురించి ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: ఇది ఏదీ కలపదు, తీసేస్తుంది. ట్రెబుల్‌ను కెపాసిటర్ ద్వారా గ్రౌండ్‌కు పారబోయడమే దాని పని. పూర్తిగా తెరిచినా ఆ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం), కెపాసిటర్ పికప్‌కు తగిలే ఉంటాయి కాబట్టి కొద్దిగా మెరుపు పోతూనే ఉంటుంది. 500కె (500 కిలో ఓమ్‌ల) పాట్ కన్నా 250కె పాట్‌తో ఇంకాస్త ఎక్కువ పోతుంది. అందుకే దాన్ని పూర్తిగా పక్కన పెట్టే స్విచ్ ఇస్తారు. అలాగని నాబ్ దండగ అనుకోకండి. సి6 మీద జాజ్ తరహా నిండైన కార్డులు వాయించేటప్పుడు కాస్త దించితే చాలా అందంగా ఉంటుంది. పాత తరం స్టీల్ వాయిద్యకారులు తీగ మీటుతూనే చిటికెన వేలితో ఆ నాబ్‌ను తిప్పి ‘వా వా’ అని పలికించేవారు. నేర్చుకుంటే మీకూ నచ్చుతుంది.

నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తే, స్విచ్ మార్చినప్పుడు శబ్దం తెగితే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇరవై ముప్పై సార్లు ఇటూ అటూ ఆడించండి. పాత గిటార్లలో సగం రోగాలు దాంతోనే పోతాయి. అడుగు భాగం చూడాల్సి వస్తే కాళ్లు విప్పి, కేసులో మెత్తగా బోర్లించండి. కింద ఉన్న పుల్ రాడ్లకు (పెడల్ తొక్కితే కదిలి తీగ శ్రుతి మార్చే సన్నని కడ్డీలకు) ఏమీ తగలనివ్వకండి. సోల్డరింగ్ చేసే ముందు వైర్లకు ఫొటో తీసుకోండి.

ఇవన్నీ సరిచేశాక కూడా మొద్దుగా అనిపిస్తే వాల్యూమ్ పెడల్‌ను అనుమానించండి. పాట్ ఉన్న పెడల్‌తో, సగం తొక్కిన చోట ట్రెబుల్ తగ్గుతుంది. మనం ఎక్కువసేపు వాయించేది ఆ సగం దగ్గరే. పెడల్‌లో మిగతా సగాన్ని, స్వరం సన్నగిల్లేకొద్దీ దాన్ని నిలబెట్టడానికి దాచుకుంటాం. కాబట్టి ఆంప్ టోన్ ఎప్పుడూ పెడల్ సగంలో ఉంచే సరిచేయండి. గిటార్‌కూ పెడల్‌కూ మధ్య ఒక బఫర్ (పికప్ మీద పెడల్ భారం పడకుండా చూసే చిన్న సర్క్యూట్) పెడితే ఈ తేడా చాలావరకు పోతుంది. నాకు డబ్బు పెట్టినందుకు నిజంగా ఫలితం కనిపించిన వస్తువు అదొక్కటే. ఆంప్‌లో బాస్, ట్రెబుల్ మధ్యలో ఉంచి మొదలుపెట్టండి. పీవీ నాష్‌విల్ 400 లాంటి ఆంప్‌లో మిడ్ (బాస్‌కూ ట్రెబుల్‌కూ మధ్య ఉండే శబ్దం) ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర తగ్గాలో ఎంచుకోవచ్చు. 800 హెర్ట్జ్ దగ్గర కొంత తగ్గిస్తే ముక్కుతో పాడినట్టుండే ఆ గుణం పోతుంది.

చెయ్యి ఎక్కడ పెట్టి మీటుతున్నారో కూడా చూసుకోండి. బ్రిడ్జి వైపు జరిగితే శబ్దం పదునెక్కుతుంది, బార్ వైపు జరిగితే మెత్తబడుతుంది. ఏ నాబ్ తిప్పినా ఇంత తేడా రాదు.

నేను ఇప్పుడు ఇ9 మీద స్విచ్‌తో టోన్ నాబ్‌ను సర్క్యూట్ నుంచి తప్పించి వాయిస్తాను. సి6కి మారగానే స్విచ్ వేసి నాబ్ ఏడు దగ్గర పెడతాను. సెలెక్టర్ మధ్య స్థానం ఎక్కడుందో చీకట్లో కూడా వేలికి తెలిసేలా పక్కన చిన్న టేపు ముక్క అంటించుకున్నాను.