యానిమేషన్ సినిమాలో చివరికి ఎవరి మాట చెల్లుతుంది: కళాకారుడిదా, కంపెనీదా?

చాలావరకు డబ్బు పెట్టినవాళ్లదే. చేత్తో గీసే సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా 12 బొమ్మలు గీయాలి, అంటే ఏళ్ల తరబడి ఎంతోమందికి జీతాలివ్వాలి, అంత డబ్బు ఏ దర్శకుడి జేబులోనూ ఉండదు. అందుకే కంపెనీ జోక్యం బొమ్మలు కదలకముందే, స్టోరీరీల్ దశలోనే (స్టోరీబోర్డు బొమ్మల్ని వరసగా పేర్చి తాత్కాలిక గొంతులతో చూసుకునే ముసాయిదా అన్నమాట) మొదలవుతుంది. అప్పుడైతే మార్చడం చవక.

పిక్సార్ స్టూడియో డిస్నీ డబ్బుతో తీసిన 'టాయ్ స్టోరీ' సంగతే చూడండి. పాత్రలు ఇంకాస్త పదునుగా ఉండాలని డిస్నీ నుంచి పదే పదే ఒత్తిడి రావడంతో హీరో అయిన ఆటబొమ్మ వుడీ కాస్తా ఎవరికీ నచ్చని నోటిదురుసు పాత్రగా తయారయ్యాడు, 1993 నవంబరులో ఆ రీల్ చూసి పని ఆపేయించింది కూడా డిస్నీవాళ్లే! పిక్సార్ బృందం కథను తాము మొదట అనుకున్న దారికి తెచ్చి తిరగరాసింది, 1995లో వచ్చింది ఆ సినిమానే.

అలాగని తపన ఒక్కటే కాపాడదు. యానిమేటర్ రిచర్డ్ విలియమ్స్ తన సినిమా 'ది థీఫ్ అండ్ ది కాబ్లర్'ను 1964లో మొదలుపెట్టి దాదాపు మూడు దశాబ్దాలు చెక్కాడు. గడువు దాటిందని 1992లో దాన్ని ఆయన చేతుల్లోంచి లాగేసుకుని, కత్తిరించి, పాటలు అతికించి వదిలారు. ఆ మిగిలిన ఫ్రేములు చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

నా దృష్టిలో అసలు రక్షణ ఒప్పందంలోనే ఉంది. జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో ఘిబ్లీ సినిమాల విడుదలకు 1996లో డిస్నీతో కుదిరిన ఒప్పందంలో, ఒక్క కట్ కూడా చేయకూడదని ముందే రాయించుకున్నారు.