చేతి మీద డేగ: మీ ప్రశ్నలు, మా జవాబులు

మా కాలేజీ వెనక వేపచెట్టు మీద జాలె డేగ గూడు పెట్టింది. పిల్లలు మూడున్నాయి. ఒకదాన్ని తెచ్చి పెంచి, పిట్టల వేట నేర్పాలని నేనూ నా స్నేహితుడూ అనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
— బ్రాడీపేట, గుంటూరు

మొదలుపెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, వల పన్నడం, గుడ్లు తీయడం, గూడు చెదరగొట్టడం కూడా వేటే. మన ఊళ్ళో కనిపించే గద్దలు, డేగలు, గుడ్లగూబలు అన్నీ రక్షిత జీవులే. పట్టింది షెడ్యూలు-1 (చట్టంలో అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జాబితా) జీవి అయితే 2022 సవరణ ప్రకారం మూడేళ్ళకు తగ్గని, ఏడేళ్ళు దాటని జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ‘సరదాగా పెంచుకున్నాం’ అంటే కుదరదు.

చట్టం సంగతి అటుంచినా, గూట్లోంచి తెచ్చిన పిల్ల మంచి వేటపక్షి అవుతుందనుకోవడం పొరపాటు. కళ్ళు తెరిచినప్పటినుంచీ మనిషి చేతి తిండే తిన్న పిల్ల మనిషినే తల్లి అనుకుంటుంది. పెద్దదయ్యాకా మిమ్మల్ని చూడగానే తిండికోసం రోజంతా అరుస్తుంది, బెదురు లేదు కాబట్టి మొహం మీదికి గోళ్ళు విసురుతుంది. ఆ అలవాటు మాన్పించడం అనుభవం ఉన్నవాళ్ళ వల్ల కూడా కాదు. గూటిని దూరంనుంచి బైనాక్యులర్స్‌తో చూడండి. తల్లి ఏం పట్టుకొస్తోందో రాసుకోండి. తొండలు, ఎలుకలు, చిన్న పిట్టలు, మిడతలు కనిపిస్తాయి.

ఇన్‌స్టాలో ఒకతను హారిస్ హాక్ అమ్ముతానంటున్నాడు. ఇది అమెరికా పక్షి, మన చట్టం దీనికి వర్తించదు అంటున్నాడు. నిజమేనా?
— గవర్నర్‌పేట, విజయవాడ

సగమే నిజం. అది అమెరికా ఖండాల పక్షే. అయితే వేటపక్షులు దాదాపు అన్నీ సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే) ఒప్పందం కిందికి వస్తాయి. 2022 సవరణతో ఆ ఒప్పందంలోని జీవులు మన చట్టం షెడ్యూలు-4లోకి చేరాయి. అలాంటి జీవి ఎవరి దగ్గరున్నా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ప్రాణమున్న పక్షిని దేశంలోకి తేవాలంటే దిగుమతి లైసెన్సు, సైటిస్ పర్మిట్, క్వారంటైన్ కాగితాలు ఉండాలి. ఇవి చూపించమని అడగండి. ‘తర్వాత ఇస్తా’ అంటే అది దొంగ సరుకని అర్థం. ఆ రోజే మాట్లాడటం మానేయండి.

నమస్కారం సార్. మా బావ ద్వారా ఖతార్‌లో ఒక ఇంట్లో ఫాల్కన్లు చూసుకునే పని వచ్చింది. నాకు కోళ్ళ ఫారంలో పనిచేసిన అనుభవం ఉంది, డేగల సంగతి తెలీదు. ఏమేం నేర్చుకుని వెళ్ళాలి?
— పాఠకుడు, తెనాలి

ముందు వీసా కాగితంలో ఏ పని రాశారో చూసుకోండి. మీ పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) రకమైతే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్ళండి. తర్వాత సామాను పేర్లు నేర్చుకోండి, అక్కడ రోజూ వినిపించేవి అవే. పక్షి కూర్చునే పుట్టగొడుగులాంటి దిమ్మె ‘వక్ర్’. చేతికి తొడుక్కునే మందపాటి గొట్టం ‘మంగలా’. కళ్ళు కప్పే తోలు టోపీ ‘బుర్గా’. కాళ్ళకు కట్టే తాళ్ళు ‘సబూగ్’. ఈకలు కట్టిన ఎర ‘తిల్వా’. సేకర్ ఫాల్కన్‌ని ‘హుర్’ అంటారు, బైరి డేగను ‘షాహీన్’ అంటారు.

కోళ్ళ ఫారం అనుభవం శుభ్రత విషయంలో పనికొస్తుంది. మేత విషయంలో మాత్రం అడ్డొస్తుంది. కోడికి మేత ఎప్పుడూ ముందుండాలి. డేగకు మేత తూకం ప్రకారం, వేళ ప్రకారం పడాలి. కిలో బరువున్న సేకర్‌కి రోజుకు సుమారు 70 నుంచి 100 గ్రాముల మాంసం సరిపోతుంది. ఎక్కువగా ఫారం కౌజుపిట్టలు పెడతారు. ఫ్రీజర్‌లోంచి తీసినదాన్ని రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరిగించాలి. పేగులు తీసేయాలి. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకూడదు. బయట పట్టిన పావురాన్ని ఎవరు తెచ్చినా పెట్టకండి. పావురాల గొంతులో ఉండే ట్రైకోమొనాస్ క్రిమి వల్ల డేగ నోట్లో జున్నుముక్కల్లా పసుపు పొక్కులు వస్తాయి. అది మింగలేక మాంసాన్ని విదిలించి పారేస్తుంది.

పొద్దున వెళ్ళగానే వక్ర్ చుట్టూ నేల చూడండి. డాక్టర్ వచ్చేలోపు సగం కబురు అక్కడే దొరుకుతుంది. ముందురోజు మాంసంతో ఈకలు కూడా మింగి ఉంటే, అవి ఉండకట్టి మర్నాడు ఉదయం నోట్లోంచి బయటికొస్తాయి. ఆ ఉండ పడేదాకా కొత్త మేత పెట్టకూడదు. అది గట్టిగా, వాసన లేకుండా ఉంటే మంచిది. జిగురుగా, కుళ్ళు కంపు కొడితే యజమానికి చెప్పాలి. రెట్ట సున్నంలా తెల్లగా, మధ్యలో నల్ల చుక్కతో ఉండాలి. తెలుపు తగ్గి పచ్చగా, కొద్దికొద్దిగా పడుతుంటే ఒకటి కడుపు ఖాళీ, లేదా జబ్బు. గొంతు కింది సంచిలో మేత గంటలు గడిచినా కదలక ఉబ్బెత్తుగానే ఉంటే రాత్రిదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. లోపల మాంసం పులిసిపోతే పక్షి తట్టుకోలేదు.

వక్ర్ మీద కృత్రిమ గడ్డి చాప వేయడం అందానికి కాదు. నున్నటి చెక్కమీద రోజుల తరబడి ఒకేచోట బరువు పడితే అరికాలు ఎర్రబడి, నున్నగా మెరిసి, తర్వాత చీముగడ్డ కడుతుంది. ముదిరితే ఆపరేషనే. వారానికోసారి పక్షిని పట్టించి రెండు అరికాళ్ళూ చూడండి. గదిలో బూజు పట్టిన చాప, తడి గడ్డి ఉంచొద్దు. ఆ బూజు ఊపిరితిత్తుల్లో చేరితే ఆస్పర్‌జిల్లోసిస్ వస్తుంది. గొంతు మారడం, కాస్త ఎగిరితే నోరు తెరవడం దాని తొలి గుర్తులు. చలిదేశాల పెద్ద డేగలైన జిర్‌ఫాల్కన్‌లకు ఇది త్వరగా పడుతుంది.

టోపీ వేయడం చూస్తే తేలిక, చేస్తే కష్టం. వెనక రెండు జతల తోలు పట్టీలుంటాయి. ఒక పక్క పట్టీని పళ్ళతో, రెండో పక్కదాన్ని ఖాళీ చేతి వేళ్ళతో లాగి బిగిస్తారు. ముక్కు ముందు రంధ్రంలోకి పోయాక తల మీదికి నెమ్మదిగా వాల్చాలి, పైనుంచి కొట్టినట్టు వేయకూడదు. తీశాక టోపీ లోపల చూడండి. కన్ను ఆనే చోట తడి మరక ఉంటే ఆ టోపీ చిన్నది, మార్చాలి. ఒక్కసారి మొరటుగా వేస్తే చాలు, ఆ పక్షి నెలల తరబడి టోపీ చూడగానే వెనక్కి పడిపోతుంది. ఈ పని మొదట ఖాళీ టోపీతో మీ పిడికిలి మీదే సాధన చేయండి.

ఇంకొకటి. పక్షి కాలి ఉంగరం నంబరు, దాని కాగితాలు ఒకటేనా అని చూడండి. సరిహద్దు దాటాలంటే పక్షికీ సైటిస్ పాస్‌పోర్టు ఉండాలి. కాగితం లేని పక్షిని ‘నువ్వు పట్టుకెళ్ళు’ అని ఎవరైనా చేతికిస్తే వద్దనండి.

డేగను ఆకలితో మాడ్చి లొంగదీస్తారని విన్నాను. అది హింస కాదా? అసలు శిక్షణ క్రమం ఏమిటి? నేను పై చదువుకు ఇంగ్లండ్ వెళ్తున్నాను, అక్కడ నేర్చుకోవాలని ఉంది.
— జువాలజీ విద్యార్థిని, మంగళగిరి

మాడ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పక్షులు ఎగరవు, అదే వాళ్ళకు శిక్ష. నిండా తిన్న డేగకు మీరు అక్కర్లేదు, చెట్టెక్కి కూర్చుంటుంది. నీరసించిన డేగకు ఎగిరే ఓపిక ఉండదు. ఈ రెంటికీ మధ్య ఆకలి ఉండి, బలం తగ్గని బరువు ఒకటుంది. దాన్ని కనుక్కోవడమే సగం విద్య. మగ హారిస్ హాక్ సాధారణంగా 550-700 గ్రాములు, ఆడది 850-1,100. కొవ్వెక్కిన బరువు నుంచి పది, పదిహేను శాతం తగ్గాక చాలా పక్షులు మాట వింటాయి. తగ్గించడం కూడా రోజుకు కొద్ది గ్రాములే. రోజూ ఒకే వేళకు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గ్రాము చూపే డిజిటల్ కాటా మీద తూచి పుస్తకంలో రాయాలి. కాటా ఒక్కటే నమ్మకూడదు. రొమ్ము మధ్య ఎముకను వేళ్ళతో తడమండి. ఇరువైపులా కండ గుండ్రంగా ఉండి ఎముక అంచు కొంచెం తెలియాలి. కత్తి అంచులా తగిలితే ఆ రోజు శిక్షణ బంద్, మేత పెంచాలి. చలి పెరిగిన రోజు అదే బరువు తక్కువైపోతుంది. ఇంగ్లండ్‌లో ఇది మర్చిపోవద్దు.

మొదటి మెట్టు మచ్చిక. మసక వెలుతురు గదిలో పక్షిని ఎడమచేతి గ్లవ్ మీద కూర్చోబెట్టుకుని, కాళ్ళ దగ్గర మాంసం ముక్క పెట్టి, దాని కళ్ళలోకి చూడకుండా కూర్చోవాలి. మొదట్లో ఎగరబోయి తలకిందులుగా వేలాడుతుంది. చేయి విదిలించకుండా రొమ్ము కింద అరచేయి పెట్టి పైకి ఎత్తండి. మీ ముందు తల వంచి తినడం మొదలుపెట్టిందంటే మీ మీంచి చూపు తిప్పుకునేంత ధైర్యం వచ్చినట్టు. ఆ తల వంపు కోసం గంటలు కూర్చోవాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

తర్వాత దిమ్మె మీంచి చేతిమీదికి గెంతించాలి. జానెడుతో మొదలై మీటరు దాకా. ఆపైన పొడవు తాడు. సాగని, అల్లిన నైలాన్ తాడు, 30 నుంచి 50 మీటర్లు. మోళ్ళు, పొదలు లేని గడ్డిమైదానం కావాలి. తాడు రెండో కొసకు చిన్న కర్ర కట్టాలి. పక్షి పారిపోబోతే కర్ర నేలమీద ఈడ్చుకుంటూ మెల్లగా ఆపుతుంది. గుంజకు కట్టేస్తే వేగంగా వెళ్ళిన పక్షి కాళ్ళు దెబ్బతింటాయి. పిలిచే దూరాన్ని 5 మీటర్లు, 10, 20, 40 అని పెంచుతూ పోవాలి. పూర్తి దూరం వరసగా మూడు రోజులు పిలిచిన వెంటనే వస్తేనే తాడు తీయాలి. ఒకరోజు ఆలస్యమైతే దూరం తగ్గించి మళ్ళీ మొదలు.

ఫాల్కన్‌లను చేతికి బదులు తిప్పే ఎరకు పిలుస్తారు. ఎర మెత్తగా ఉండాలి, గట్టిదైతే వేగంగా వచ్చిన పక్షి ఛాతీ పగులుతుంది. ఎర మీద దిగాక వంగి, నెమ్మదిగా దగ్గరికెళ్ళి, గ్లవ్ మీద ఇంకా మంచి ముక్క చూపించి ఎక్కించుకోవాలి. లాక్కుంటే ఇక అయిపోయినట్టే. మర్నాటి నుంచి ఎరతో సహా ఎగిరిపోవడం నేర్చుకుంటుంది.

తాడు తీసిన రోజున రేడియో ట్రాన్స్‌మీటర్ ఉండాలి. కాళ్ళకు చీలిక లేని తాళ్ళే వేయాలి. చీలిక ఉన్నవి కొమ్మకు తగులుకుంటే పక్షి తలకిందులుగా వేలాడి చచ్చిపోతుంది. గాలి తక్కువున్న చల్లటి ఉదయం ఎగరనివ్వండి. ఎండ పెరిగాక లేచే వేడిగాలి పట్టుకుని చుట్లు తిరుగుతూ పైకెళ్ళిందంటే మీ ఈల దానికి వినిపించదు. ఈక రాల్చే కాలంలో ఎగరేయకుండా నిండుగా మేపాలి. పెరుగుతున్న ఈకకు తిండి తగ్గితే అడ్డంగా గీత పడి, తర్వాత అక్కడే విరుగుతుంది.

ఇంగ్లండ్‌లో బంధనంలో పుట్టిన పక్షి, ఉంగరం, కాగితాలు ఉంటే పెంచుకోవచ్చు. ముందు ఏడాదిపాటు ఒక క్లబ్బులో వేరేవాళ్ళ పక్షులకు సేవ చేసి చూడండి. అమెరికాలోనైతే అదే నిబంధన: పరీక్ష రాసి, గది తనిఖీ చేయించుకుని, రెండేళ్ళు ఒక పెద్ద చేతి కింద అప్రెంటిస్‌గా ఉండాలి. మాకైతే అమెరికా పద్ధతే నచ్చుతుంది.

డేగల్లో నల్లకళ్ళవి, పసుపుకళ్ళవి అని పాతవాళ్ళు విడదీసేవారట. ఎందుకు?
— అమరావతి

వేట తీరును బట్టి. నల్లకళ్ళవంటే బైరి, లగ్గర్ వంటి ఫాల్కన్లు. రెక్కలు పొడవు, మొనదేలి ఉంటాయి. పైనుంచి దూకుతాయి. బైరి దూకు గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. వీటికి విశాలమైన మైదానం కావాలి. పసుపుకళ్ళవంటే గాస్‌హాక్, జాలె డేగ వంటివి. కురచ రెక్కలు, పొడవు తోక. చేతిమీంచి విసిరితే చెట్ల సందుల్లో కొద్ది దూరం తరుముతాయి. ఫాల్కన్ ముక్కు అంచున ఉండే పన్నులాంటి నొక్కుతో మెడ విరుస్తుంది, హాక్ గోళ్ళతో నొక్కే చంపుతుంది. జాలె డేగ పిల్లగా ఉన్నప్పుడు కళ్ళు పసుపు, ముదిరిన మగదానికి ఎర్రబడతాయి. మన కాలవగట్ల మీద అది ఏడాది పొడవునా కనిపిస్తుంది. బైరిని చూడాలంటే చలికాలంలో వెతకండి.

మా అపార్ట్‌మెంట్‌లో పావురాల బాధ పడలేకపోతున్నాం. డేగను తెప్పిస్తే పోతాయా?
— బెంజ్ సర్కిల్, విజయవాడ

డేగ ఉన్నంతసేపే పోతాయి, తర్వాత వస్తాయి. ఇక్కడ అది చట్టరీత్యా కుదరదు కూడా. బాల్కనీకి 50 మిల్లీమీటర్ల కన్నుల వల బిగించండి, ఏసీ వెనక సందు మూయండి, గింజలు వేసే పక్కింటివారిని మానిపించండి. మూడోదే కష్టం.

సంక్రాంతికి మాంజా తగిలి గద్ద మా డాబా మీద పడింది. దారం రెక్కలో ఇరుక్కుంది. ఇలాంటప్పుడు ఏం చేయాలి?
— పాత గుంటూరు

దారం లాగొద్దు. గాయానికి రెండు వైపులా కాస్త దూరంలో కత్తిరించి, లోపలి ముక్క డాక్టరుకు వదిలేయండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా దొరుకుతోంది. మందపాటి దుప్పటి తలతో సహా కప్పి, ముందు కాళ్ళు పట్టుకోండి. గద్ద గాయపరిచేది గోళ్ళతోనే. గాలి కన్నాలున్న అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, మూత పెట్టి చీకట్లో ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి. నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం, రొట్టె అసలు వద్దు. అటవీశాఖకు చెప్పి, వాళ్ళ ద్వారా పశువైద్యుడికి చేర్చండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ఇంట్లోనే పెట్టుకుని బాగుచేస్తామనడం చట్టానికీ, గద్దకూ మంచిది కాదు.

బాగుచేసేవాళ్ళకు డేగ విద్య అక్కరకొచ్చేది కుట్లు మానాకే. పంజరంలో ఈకలు విరిగితే, రాలిన పాత ఈకను అదే వరసది తీసుకుని, సన్నగా చెక్కిన వెదురు పుల్లతో జిగురు పెట్టి విరిగిన మొదలుకు అతుకుతారు. తర్వాత పొడవు తాడుతో ఎగరేసి చూస్తారు. రెండు రెక్కలూ సమానంగా కొట్టాలి, మలుపులో ఒక పక్కకు ఒరగకూడదు. ఎగిరి దిగాక చాలాసేపు నోరు తెరిచే ఉంటే ఇంకో వారం ఆపాలి.