పిల్లలు 35 అని రాస్తే డీఎడ్ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ డైట్ కాలేజీలో డీఎడ్ (ప్రాథమిక టీచర్ల రెండేళ్ల కోర్సు) రెండో సంవత్సరం. ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులొచ్చినా ఇంజినీరింగ్ వద్దని, టీచరే అవుతానని పట్టుబట్టి చేరింది. ఇప్పుడు స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి వెళ్లి వచ్చి ‘నాకు చెప్పడం రావట్లేదు నాన్నా’ అని ఏడుస్తోంది. మూడో తరగతి తీసివేతలే చెప్పలేకపోయిందట. చిన్నపిల్లలకు చెప్పడానికి అంత ఏముంటుంది? తనకు తెలియకుండా డైరీ పేజీలు ఫోటో తీసి పంపుతున్నాను, చూడండి. 2030 నుంచి డీఎడ్ చెల్లదని, నాలుగేళ్ల ఐటెప్ (డిగ్రీ, బీఎడ్ కలిపిన కోర్సు) చేయాలని అందరూ అంటున్నారు. డీఎడ్ మాన్పించి అందులో చేర్పించమంటారా? రెండింటినీ పోల్చి చెప్పండి.
(ఒక తండ్రి, మహబూబాబాద్ జిల్లా)

జవాబు: పోలిక తర్వాత చూద్దాం. ముందు ఆ డైరీ సంగతి.

ఇరవై ఏళ్ల అమ్మాయి తన కోసం రాసుకున్న పేజీలను ఆమెకు చెప్పకుండా ఫోటో తీసి బయటివాళ్లకు పంపడం తప్పండీ. కంగారులో చేశారని తెలుసు, అయినా తప్పే. మీకు ఫోన్ చేసి, ఆమెకు విషయం చెప్పించి, ఆమె సరేనన్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మిగతా ఫోటోలు తీసేశాను. మీరూ తీసేయండి.

ఇంటర్న్‌షిప్ అయిపోయిన నెలలో ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. ఒక్కోసారి తల్లిదండ్రులు రాస్తారు, ఒక్కోసారి శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయులే. మాటలు వేరైనా భయం ఒకటే: ‘రెండేళ్లు వృథా అయ్యాయా?’ మీ ఉత్తరంలో ఇంకో భయం కూడా కనిపించింది. ఎంపీసీ చదివిన పిల్ల ఒకటో తరగతికి అఆలు చెప్పుకుంటుందా అన్న చిన్నతనం. ‘చిన్నపిల్లలకు చెప్పడానికి అంత ఏముంటుంది’ అన్నారు. ఎంత ఉంటుందో మీ అమ్మాయి రాసుకున్నదాంట్లోనే ఉంది. మీరు కన్నీళ్ల మరకలు చూశారు, అక్షరాలు చూడలేదు.

బోర్డు మీద 52 – 27 వేసింది. ఒకట్ల స్థానంలో 2 నుంచి 7 పోదు కాబట్టి పదుల స్థానం నుంచి ఒకటి తెచ్చుకోవాలని మనందరికీ చెప్పినట్టే చెప్పింది. ‘అర్థమైందా?’ అంటే క్లాసంతా ‘అర్థమైంది టీచర్!’ అన్నారు. పలకలు తిప్పి చూపించమంటే సగానికి సగం మంది 35 రాశారు. మళ్లీ చెప్పింది, ఈసారి కాస్త గట్టిగా. మళ్లీ 35. ఆ రోజు రాసుకున్న చివరి వాక్యం, ‘నాకు చెప్పడం రాదు’. మీరు పట్టుకున్నది ఆ వాక్యాన్ని. దానికి పైన ఇంకోటి ఉంది: ‘అందరూ ఒకే తప్పు ఎలా చేశారు?’

నన్నడిగితే అక్కడే ఆమెలో టీచర్ మొదలైంది. ఇష్టమొచ్చినట్టు రాస్తే ఒకరు 31 అనేవారు, ఇంకొకరు 43 అనేవారు. అందరూ 35 రాశారంటే పిల్లలు ఒక నియమం పాటిస్తున్నారు: పై అంకె, కింది అంకె అని చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడం. 7లోంచి 2 తీస్తే 5, 5లోంచి 2 తీస్తే 3. అంతకుముందు చేసిన తీసివేతలన్నిటిలో పెద్ద అంకె పైనే ఉంది, ఆ నియమం ఎప్పుడూ తప్పు కాలేదు. ఇప్పుడే తప్పయింది. దాన్ని ఎంత గట్టిగా చెప్పినా లాభం లేదు. పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు బల్ల మీద పెట్టి, ‘ఇందులోంచి 27 నాకివ్వండి’ అనాలి. కట్ట విప్పక తప్పదని పిల్లల చేతులకే తెలుస్తుంది. లేదా 35 రాసినవాడినే ‘35కి 27 కలుపు’ అనాలి. 62 వచ్చేసరికి వాడే తల గోక్కుంటాడు. ఇదంతా మెథడాలజీ పుస్తకంలో ఉంటుంది, ఆమె చదివే ఉంటుంది. చదివినది క్లాసులో చేతికి రావడానికే ఆ ఇంటర్న్‌షిప్. మన ఇంట్లో ట్యూషన్ చెప్పే అన్నయ్యలెవరూ ‘35 ఎందుకు’ అని అడగరు. ఇంటూ కొట్టి, సరైన జవాబు వేసి, తర్వాతి లెక్కకు పోతారు.

రెండో సంగతి నాకు ఇంకా నచ్చింది. రెండో తరగతిలో నీటి గురించి మాట్లాడిస్తోంది. తండా నుంచి వచ్చే ఒక బాబు వచ్చిన రోజు నుంచీ నోరు విప్పలేదట. వాడికి ఏమీ రాదని పక్క పిల్లలే తీర్పు ఇచ్చేశారు. పక్కనున్న పాప వాడితో ‘పాణి’ అందో లేదో, వాడు బోరింగు గురించి, అక్కడ అమ్మతో బిందెలు మోయడం గురించి సగం లంబాడీలో, సగం తెలుగులో గడగడా చెప్పేశాడు. మీ అమ్మాయి దీని గురించి ఒక్క వాక్యమే రాసింది, అదీ ‘ప్లాన్ ప్రకారం పాఠం పూర్తి కాలేదు’ అన్న ఫిర్యాదు కింద. ఆ పాఠం పూర్తి కాకపోయినా ఫర్వాలేదని ఆమెతో చెప్పాను. ఇంట్లో లంబాడీ, గోండి, కోయ మాట్లాడే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని బడుల్లో ఉన్నారో మీకు తెలియంది కాదు, మీ జిల్లా సంగతే చూడండి. అలాంటి పిల్లాడి నోట మాట తెప్పించడం ఏ డిగ్రీ పట్టా మీదా రాసి ఉండదు.

గుణింతాల గోల కూడా ఉంది. ఒకటో తరగతి వాళ్లు ‘క’ నుంచి ‘కః’ దాకా పాటలా అప్పజెప్పేస్తారు, మధ్యలో ‘కొ’ మీద వేలు పెట్టి ఇదేమిటంటే మళ్లీ మొదటి నుంచి పాడుకుంటూ రావాల్సిందే. దీనికి ఆమె ఏడవాల్సిన పని లేదు. ఏళ్ల తరబడి సర్వీసు ఉన్నవాళ్లు కూడా దీంతో కుస్తీ పడుతున్నారు.

ఆమె కష్టంలో ఆమె తప్పు కానిది కూడా చాలా ఉంది. కాలేజీలో పాఠ్యపథకం రాయించేది ఒక తరగతికి. బడికి వెళ్తే ఒకే గదిలో ఒకటి, రెండు, మూడు తరగతులు. అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది, కానీ బడిలో తరగతులు ఐదు. మూడో తరగతికి తీసివేత చెబుతుంటే ఒకటో తరగతి ఏం చేయాలో ఆమె ప్లాన్‌లో లేదు. కాలేజీ సార్ వచ్చి చూసిందేమో థర్మోకోల్ మీద అతికించిన చార్టు. రాత్రంతా మేలుకుని చార్టులు కత్తిరించుకునే ఈ పద్ధతి మీద నాకు ఎప్పటినుంచో చిరాకు. గుప్పెడు చింతగింజలతో అయ్యే పనికి అంత రంగు కాగితం ఎందుకో.

సరే, ఐటెప్.

కోర్సు చెడ్డదని అనను. ఇంటర్ అవగానే, హైస్కూల్లో సబ్జెక్టు టీచర్ కావాలని ముందే నిశ్చయించుకున్న పిల్లలకు డిగ్రీ, బీఎడ్ కలిపి నాలుగేళ్లలో అయిపోతుంది, ఒక ఏడాది మిగులుతుంది. 2023-24లో దేశవ్యాప్తంగా 57 సంస్థల్లో మొదలుపెట్టారు. ఎన్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. నా అనుమానాలు కోర్సు మీద కాదు, దాని చుట్టూ పుట్టిన మోజు మీద. చిన్న తరగతుల నుంచి పెద్ద తరగతుల దాకా ఫౌండేషనల్, ప్రిపరేటరీ, మిడిల్, సెకండరీ అని నాలుగు దశలున్నాయి. ఏ కాలేజీ ఏ దశకు అనుమతి తెచ్చుకుందో చూడకుండానే ‘ఐటెప్ సీటు వచ్చింది’ అని స్వీట్లు పంచుతున్నారు. సెకండరీ దశలో సీటు తెచ్చుకుని ఒకటో తరగతి పిల్లల దగ్గరికి వెళ్తానంటే ఎలా? అనుభవమున్న ప్రాథమిక టీచర్లు ఆ కాలేజీలో పాఠాలు చెబుతున్నారా, ఇంటర్న్‌షిప్ ఏ బడుల్లో చేయిస్తున్నారు, ఈ రెండూ ఫోన్ చేసి అడగండి. తడబడితే ఫీజు కట్టకండి. కొత్త కోర్సు కదా అని కొత్త బుద్ధులేమీ వాటంతటవే రావు. అక్కడా మూడో తరగతి పిల్లలు 35 అనే రాస్తారు.

పైగా మీ అమ్మాయి ఇప్పుడు చేరితే మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి. చేసిన రెండేళ్లు పోయి, ఇంకో నాలుగేళ్లు. అదే డీఎడ్ పూర్తి చేసి మూడేళ్ల డిగ్రీ చేస్తే అంతకన్నా ఏడాది ముందే రెండూ చేతికొస్తాయి. తర్వాత బీఎడ్ చేసి స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) దారికి వెళ్లాలనుకుంటే ఆ తలుపూ తెరిచే ఉంటుంది.

‘2030 నుంచి డీఎడ్ చెల్లదు’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. 2030 నాటికి టీచర్ కావడానికి కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎడ్ కావాలన్నది 2020 జాతీయ విద్యా విధానం పెట్టుకున్న లక్ష్యం. ఉద్యోగం ఇచ్చేది విధానం కాదు, నోటిఫికేషన్. టీచర్ పోస్టుల భర్తీకి ఇటీవల వచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్లలో ఎస్జీటీకి, అంటే ప్రాథమిక టీచర్ పోస్టుకు, అడిగింది డీఎడ్, టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో పేపర్-1. పైగా బీఎడ్ వాళ్లకు ప్రాథమిక పోస్టుల్లో అవకాశమిచ్చిన 2018 నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య అని దేశపు అత్యున్నత న్యాయస్థానమే ఒప్పుకుంటే, మీరు ‘అంత ఏముంటుంది’ అంటున్నారు! తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు 6,508 ఎస్జీటీలే. ఆంధ్రలో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టుల్లో ఆరు వేలకు పైగా ఎస్జీటీలు. టెట్ సర్టిఫికెట్ ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది. పరీక్ష విధానం, సిలబస్ ఆమెకు నాకన్నా బాగా తెలుసు, అవి ఇక్కడ రాయను.

మీరు టెన్షన్ పడాల్సింది అసలు వేరే చోట. ఆంధ్రలో 2018 డీఎస్సీ తర్వాత భర్తీ దాకా వెళ్లిన నోటిఫికేషన్ 2025లో వచ్చింది. తెలంగాణలో 2017 టీఆర్టీ (అప్పటి టీచర్ల భర్తీ పరీక్ష) తర్వాత 2024 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో వచ్చినవి రద్దయ్యాయి. ఆ ఏడేళ్లు కోచింగ్ సెంటర్ పక్క హాస్టల్లో గడిపినవాళ్లు నాకు తెలుసు. ప్రైవేటు బడుల్లో జీతాలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే డీఎడ్ అవగానే డిగ్రీలో చేరమంటాను. నోటిఫికేషన్ వస్తే రాస్తుంది, రాకపోతే చదువు ఆగదు. డిగ్రీ పూర్తయ్యేలోపు నోటిఫికేషన్ రాకపోతే బీఎడ్‌కి వెళ్లాలా, వేరే పని చూసుకోవాలా అని అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఇప్పుడే ఇంట్లో దాని మీద పంచాయితీ పెట్టకండి.

ఆమె నిజంగానే ఈ పనికి సరిపోదేమోనన్న అనుమానం మీకింకా ఉంటే ఒకటి అడిగి చూడండి: ‘రేపు అదే క్లాసుకు మళ్లీ వెళ్లమంటే ఏం మారుస్తావు?’ పిల్లలంటే విసుగొచ్చినవాళ్లు దీనికి జవాబు చెప్పరు, ‘వెళ్లను’ అంటారు. అలా అంటే ఇంకో దారి వెతుకుదాం, అందులో సిగ్గేమీ లేదు. నేను అడిగినప్పుడు మాత్రం ఆమె పుల్లల కట్టల గురించి చాలాసేపు మాట్లాడింది, కట్టలు కట్టడానికి రబ్బరు బ్యాండ్లు మేలా, దారం మేలా అని నన్నే అడిగింది. విప్పడం తేలిక కాబట్టి రబ్బరు బ్యాండ్లే అన్నాను.

ఆమె మళ్లీ ఏడిస్తే ‘మానేయ్’ అనకండి, ‘నేను ముందే చెప్పాను’ అని అసలే అనకండి. ఈసారి ప్రశ్న ఏమైనా ఉంటే ఆమెనే రాయమనండి.