తినే జెల్‌ని పొరలు పొరలుగా పేర్చే ఫుడ్ ప్రింటర్‌లో జెల్ ఇంక్ ముద్దలు ముద్దలుగా వస్తోంది, విటమిన్ సి, కాల్షియం కలిపితే ఇంకా పాడవుతోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివా. జెలటిన్, సోడియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్ పొడి) కలిపి జెల్ చేశారు, అందులో విటమిన్ సి పౌడరు, కాల్షియం లాక్టేట్ వేశారు, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున సిరంజీలో నింపి ప్రింట్ కొడితే గీత తెగి తెగి వస్తోంది, నాజిల్ బ్లాక్ అవుతోంది, కొంచెం పలచగా చేస్తేనేమో లేయర్లు కూలిపోతున్నాయి, అంతే కదా. ఒక చిన్న ప్రొడక్ట్ డెవలప్‌మెంట్ టీంలో ఇదే పని మూడేళ్ళు చేసా. మొదటి నాలుగు నెలలు అచ్చం మీరు చేసిందే చేసా కాబట్టి నవ్వట్లేదు.

ముందు ఆల్జినేట్ సంగతి, ఎందుకంటే మీ సమస్యలో సగం అక్కడే ఉంది. ఆల్జినేట్‌కి కాల్షియం తగిలితే ఆ క్షణంలోనే గడ్డ కడుతుంది, అది దాని గుణం. కాల్షియం లాక్టేట్ నీళ్ళలో బాగా కరుగుతుంది కాబట్టి మీరు గరిట తిప్పేలోపే ఎక్కడ పడిన పౌడరు అక్కడ చిన్న చిన్న గుళికలు అయిపోతుంది, వాటిని ఎంత బ్లెండ్ చేసినా ముక్కలవుతాయి తప్ప మళ్ళీ కరగవు. నేను మొదటిసారి చేసినప్పుడు సిరంజీలో చేప గుడ్లలా కనబడ్డాయి, సరేలే ప్రెజర్ పెంచితే పోతాయని పెంచా, నాజిల్ ఊడి ఎగిరి ఎదురు గోడకి తగిలింది, దాని వెనకాలే ఇంకంతా వచ్చింది. గోడ తుడవడానికి పట్టిన టైంలో అర్థమైంది ఇది ప్రెజర్ సమస్య కాదని.

సరే కాల్షియం లాక్టేట్ వద్దు, కరగని కాల్షియం కార్బొనేట్ వేద్దాం అనుకుంటారు తర్వాత. అందరూ అనుకుంటారు. మామూలుగా అయితే అది మంచి ఉపాయమే, కానీ మీ ఇంక్‌లో విటమిన్ సి ఉంది, అది యాసిడ్. కార్బొనేట్‌ని కరిగించి కాల్షియంని వదిలిస్తుంది, పైగా గ్యాస్ వచ్చి ఇంకంతా బుడగలు. ఇంకోటి, విటమిన్ సి ఎక్కువ పడి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) మూడున్నర కిందికి పోయిందంటే కాల్షియం లేకపోయినా ఆల్జినేట్ తనంతట తనే విరిగి ముద్ద కడుతుంది. అంటే మీ రెండు న్యూట్రియంట్లూ మీ జెల్‌కి శత్రువులే. కాబట్టి ఆల్జినేట్ తీసేయండి. దాన్ని కాపాడటానికి కాల్షియంని పట్టి ఉంచే సిట్రేట్ వేసి, ఇంకోటి వేసి నేను చాలా కుస్తీ పట్టా, వేస్ట్. ముందు జెల్ చేసుకుని తర్వాత విటమిన్లు ఎలా కలపాలా అని ఆలోచించడమే తప్పు, కలపాల్సిన వాటి లిస్టు ముందు రాసుకుని వాటిని తట్టుకునే జెల్ ఎంచుకోవాలి.

ఇక గీత తెగి రావడం గురించి. ఇక్కడ చాలామంది చిక్కదనం వెంట పడతారు. ఇంక్‌కి కావాల్సింది చిక్కదనం కాదు. ప్లంజర్ నొక్కినప్పుడు లొంగాలి, నాజిల్ దాటి బయట పడగానే మళ్ళీ బిగుసుకోవాలి. టూత్‌పేస్ట్ చూడండి, నొక్కితే జారుతుంది, బ్రష్ మీద పడ్డాక కదలదు. తేనె చాలా చిక్కగా ఉంటుంది కానీ దాంతో గోడ కట్టలేం, ఎంత నెమ్మదిగా అయినా పారిపోతుంది. మీరు ఫ్రిజ్‌లో కదలకుండా పెట్టి సెట్ చేసిన జెల్ ఇంకో రకం తేడా, అది ఒకే గట్టి ముక్క, దాన్ని సన్నటి రంధ్రంలోంచి తోస్తే లొంగదు, విరుగుతుంది. ఆ విరిగిన ముక్కలే మీకు ముద్దలుగా కనబడేది.

దీనికి నాకు బాగా పనిచేసింది ఫ్లూయిడ్ జెల్. పేరు పెద్దది, పని చిన్నది. అగర్ (ఇదీ సముద్రపు నాచు నుంచి తీసే జెల్ పొడే) ఒక శాతం తీసుకుని నీళ్ళలో బాగా మరిగించండి, తొంభై డిగ్రీలు దాటకపోతే అగర్ సరిగ్గా కరగదు, తర్వాత చల్లారేటప్పుడు అసలు ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. నలభై నుంచి ముప్ఫై డిగ్రీల మధ్య అగర్ సెట్ అవ్వాలని చూస్తుంది, మీరు తిప్పుతూ ఉంటారు కాబట్టి పెద్ద గడ్డ కట్టలేక కంటికి కనబడని చిన్న చిన్న జెల్ రేణువులుగా ఉండిపోతుంది. పాతిక డిగ్రీలకి వచ్చేసరికి గిన్నెలో మెత్తటి క్రీములాంటిది ఉంటుంది. మధ్యలో ఫోన్ వచ్చిందని స్టిర్రర్ ఆపారనుకోండి, మళ్ళీ మొదటికి, ఇది అనుభవం మీద చెప్తున్నా. అగర్‌కి సెట్ అవ్వడానికి కాల్షియం అక్కర్లేదు, ఉన్నా పట్టించుకోదు. యాసిడ్ మాత్రం మరిగేటప్పుడు తగలకూడదు, తగిలితే జెల్ బలం పోతుంది, చల్లారాక కలిపితే ఇబ్బంది లేదు. విటమిన్ సి కి కూడా వేడి పడదు కాబట్టి చల్లారాకే కలపడం ఇద్దరికీ మంచిది.

దీంట్లో 0.3 శాతం జాంతన్ గమ్ (చిక్కదనం ఇచ్చే పొడి) కూడా వేయండి, లేకపోతే కాసేపటికి అగర్‌లోంచి నీరు బయటికి ఊరి ప్రింట్ కింద మడుగు కడుతుంది. జాంతన్‌ని నేరుగా నీళ్ళలో చల్లొద్దు, పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడుతుంది, ముందు కొంచెం గ్లిజరిన్‌లో కలిపి పేస్ట్ చేసి ఆ పేస్ట్‌ని నీళ్ళలో వేయండి. జాంతన్, జెలటిన్ ఈ రెండే వేర్వేరు పాళ్ళలో కలిపి రకరకాల టెక్స్చర్లు తేవచ్చని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు 2009లోనే చూపించారు, ఆ జోడీ కూడా మంచిదే, కానీ బాగా పుల్లటి ఇంక్‌లో జెలటిన్, జాంతన్ ఒకదాన్నొకటి పట్టుకుని విరిగినట్టు అయ్యే ప్రమాదం ఉంది, మీ కేసులో విటమిన్ సి ఉంది కాబట్టి నేనైతే వెళ్ళను. ఒక్క మాట, అగర్ ఫ్లూయిడ్ జెల్‌తో చేసింది మెత్తగానే ఉంటుంది, స్పూన్‌తో తినేలా. నమిలే గమ్మీలాంటిది కావాలంటే మాత్రం జెలటినే, అప్పుడు సిరంజీకి హీటర్ జాకెట్ పెట్టి ముప్ఫై డిగ్రీల దగ్గర పట్టి ఉంచాలి, రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా నీళ్ళలా కారడమో బిగుసుకుపోవడమో జరుగుతుంది.

రియోమీటర్ (ఇంక్ ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచే మెషిన్) లేదని బాధపడకండి. స్పూన్‌తో ఇంక్ మీద ఒక గాడి గీయండి, ఒక నిమిషం తర్వాత గాడి అంచులు అలాగే నిలబడి ఉంటే బాగుంది, పూడుకుపోతే పలచన, అంచులు చిట్లి గరుకుగా ఉంటే గట్టి. తర్వాత పది లేయర్ల చిన్న సిలిండర్ కొట్టి పది నిమిషాలు ఆగి ఎత్తు కొలవండి. నాజిల్ 0.8 మి.మీ. వాడుతున్నా అన్నారు, ఇంక్ కుదిరే వరకు 1.2కి వెళ్ళండి, ఇంక్‌ని సన్నటి జల్లెడలో వడకట్టండి, నాజిల్ రంధ్రంలో పదో వంతు కన్నా పెద్ద రేణువు ఏదీ ఉండకూడదు అనుకోండి. గాడి నిలబడే ఇంక్‌లో బుడగలు వాటంతట అవి పైకి రావు, వాక్యూమ్‌లో పెట్టి తీయాలి. ఇంక్‌ని రాత్రంతా ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచినా, ఫ్లూయిడ్ జెల్ కాబట్టి మళ్ళీ గడ్డ కడుతుందనే భయం లేదు, కొంచెం బిగిసినా తిప్పితే వదులవుతుంది.

డోసు గురించి మీరు అడగలేదు కానీ నేను ఎక్కువ దెబ్బ తిన్నది అక్కడే. ఒక ముక్క 2 గ్రాములు, అందులో 40 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలంటే ఇంక్‌లో 2 శాతం ఉండాలి, లెక్క ఈజీ. కానీ ముక్క ముక్కకీ బరువు పది శాతం మారితే డోసు కూడా అంతే మారుతుంది, కాబట్టి ప్రతి బ్యాచ్‌లో కనీసం ఇరవై ముక్కలు తూచండి. ఇంకా ఘోరం ఏంటంటే బరువు కరెక్టుగా ఉన్నా డోసు తప్పొచ్చు. ఒకసారి కాల్షియం కార్బొనేట్ వేసిన జెలటిన్ ఇంక్, అందులో విటమిన్ సి లేదు లెండి, అరగంటకి పైగా వేడి సిరంజీలో ఉంచి ప్రింట్ చేసాం, బరువులన్నీ చక్కగా వచ్చాయి, అందరం సంతోషం. టేస్ట్ చూసినప్పుడు మొదట్లో వచ్చిన ముక్కలు పంటి కింద ఇసుకలా, చివరివి నున్నగా. అనుమానం వచ్చి ఇంకో సిరంజీ అలాగే వేడిగా నిలబెట్టి, తర్వాత ఫ్రిజ్‌లో గట్టిపడేసి, ముందు భాగం కోసేసి లోపలి జెల్‌ని బయటికి తోసి నిలువునా కోసా. నాజిల్ వైపు తెల్లగా సుద్దలా ఒక పొర, పైకి పోయేకొద్దీ అద్దంలా. మొత్తం కాల్షియం కిందికి దిగిపోయింది. మీరు కార్బొనేట్ వేయాలనుకుంటే విటమిన్ సి కి ఒక సిరంజీ, దీనికి ఒక సిరంజీ పెట్టుకోండి, లేదంటే అగర్ ఇంక్‌లో కాల్షియం లాక్టేట్‌నే ఉంచండి, ఇక్కడ గడ్డ కట్టదు, కరిగిపోతుంది కాబట్టి కిందికి దిగే సమస్యా లేదు, కాస్త చేదు ఒకటే.

ఐరన్ వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్తున్నా, విటమిన్ సి ఉన్న ఇంక్‌లో మామూలు ఐరన్ సాల్ట్ వేయొద్దు, అది విటమిన్ సి ని త్వరగా పాడు చేస్తుంది, బెర్రీ జ్యూస్ లాంటిది కలిపి ఉంటే రంగు కూడా నల్లబడుతుంది. మేం ఎర్రగా వస్తుందనుకున్న బ్యాచ్ తెల్లారేసరికి సిమెంట్ రంగులో ఉంది. పైగా ఐరన్, విటమిన్ ఎ, విటమిన్ డి ఇవి ఎక్కువైతే హాని చేసేవి, పిల్లలు చాక్లెట్ అనుకుని ఎక్కువ తింటే ఐరన్ ప్రాణం మీదికి తెస్తుంది. ల్యాబ్‌లో టెస్ట్ చేయించకుండా ఇవి వేసి ఎవరికీ ఇవ్వకండి, ఇంట్లో వాళ్ళకి కూడా.

నిల్వ సంగతి, ఈ ఇంక్‌లో నీరు చాలా ఎక్కువ, బయట పెడితే బూజు. బూజు రాకుండా వేసే పొటాషియం సార్బేట్ పుల్లటి ఇంక్‌లోనే సరిగ్గా పనిచేస్తుంది, విటమిన్ సి బదులు దాని పులుపు లేని రూపం సోడియం ఆస్కార్బేట్ వేసి పులుపు తగ్గిస్తే సార్బేట్ వేసినా లేనట్టే. మేం ఫ్రిజ్‌లో పెట్టి మూడో రోజుకి పారేసేవాళ్ళం.

ముందు విటమిన్లు ఏవీ లేకుండా అగర్, జాంతన్ ఇంక్ ఒక్కటే చేసి సిలిండర్ కొట్టి చూడండి, నిలబడితే విటమిన్ సి వేసి మళ్ళీ కొట్టండి, తర్వాతే కాల్షియం. మూడు సిలిండర్ల ఎత్తులు ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెప్తా.