ముందు నువ్వు తిను అమ్మీ

అమ్మీ,

మొన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే అవతల కరకరమని చప్పుడు వినిపించింది. ఏం నములుతున్నావే అంటే నవ్వి, "ఏం లేదు పెద్దమ్మా, రెండు బియ్యం గింజలు" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఆరేళ్లు అంగన్‌వాడీలో చేసినదాన్ని, కడుపుతో ఉన్న ఆడపిల్లలు బియ్యం, బలపాలు, వాన పడ్డాక వాసనొచ్చే మట్టిపెళ్లలు దాచుకుని తినడం ఎంత చూశానో. అది నాలుక చాపల్యం అనుకుంటారు గానీ ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు చాలామందికి అలాగే తినాలనిపిస్తుంది. అందుకే రిపోర్టు ఫొటో తీసి పంపమన్నా. హిమోగ్లోబిన్ 9.2. కడుపుతో ఉన్నదానికి 11 అయినా ఉండాలి. టెన్షన్ పడొద్దు, ఇప్పుడు ఐదో నెలే కాబట్టి సరిచేసుకోవడానికి టైముంది. 7 కంటే కిందికి పోతేనే ఆస్పత్రిలో చేరాల్సిన సంగతి.

ఏం తినాలో నీకు తెలియక కాదు, ఫోన్ తెరిస్తే వందమంది చెప్తారు. నేను అడిగేది ఒకటే, మధ్యాహ్నం ఎన్ని గంటలకు తింటున్నావు? మూడు అన్నావు. మీ మామ, మీ ఆయన, మరిది, ఆ తర్వాత అత్త, అందరూ తిని లేచాక గిన్నెలు సర్దుతూ నువ్వు. అప్పటికి గిన్నెలో ఏం మిగులుతుంది చెప్పు. పప్పు అడుగున పలచటి నీళ్లు, కూర గీరుకుంటే ఒక గరిటె, చల్లారిన అన్నం, పచ్చడి. ఆకుకూర వండిందీ నువ్వే, అది లేకుండా తినేదీ నువ్వే. మా సెంటర్లో గుడ్లు ఇంటికి పంపితే ఇదే కథ. ఇది ఎవరు తిన్నారమ్మా అంటే పెద్దపిల్లోడు అడిగాడనో, మామకు దగ్గనో చెప్పేవాళ్లు. చివరికి నేను విసిగిపోయి, నా ఎదురుగా తిని పొమ్మనేదాన్ని. వాళ్లకు కోపమొచ్చినా సరే.

మీ అత్త చెడ్డది కాదు. ఆమె కూడా అట్లే తిని అట్లే కన్నది, అందుకని ఆమెకు ఇందులో తప్పు కనబడదు. నేనూ అంతే. 1986లో జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఉన్నప్పుడు, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని మా ఇంట్లో అందరూ అంటే నేనూ నమ్మి, ఏడో నెల నుంచి రాత్రిపూట సగం ముద్దతో లేచేదాన్ని. నర్సమ్మ ఇచ్చిన ఎర్ర మాత్రలు వాంతి వస్తుందని గడ్డివాములో దూర్చేదాన్ని, అడిగితే వేసుకున్నానని అబద్ధం చెప్పేదాన్ని. మీ అక్క పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా తూగలేదు. బిడ్డకు పాలు చీకే బలం లేక దూదితో చుక్కలు చుక్కలుగా పోశాం. ఇప్పుడు దాన్ని చూస్తే నువ్వు నమ్మవు, నిలబెడితే నా కంటే పొడవు, కానీ ఆ రెండు నెలలు నేను పడ్డది నీకు వద్దు.

కాబట్టి ఇల్లంతా తిన్నాక అనే మాట మానెయ్. పన్నెండున్నరకు నీ కంచం నువ్వు పెట్టుకో, వీలైతే మీ ఆయన పక్కనే కూర్చో. మొహమాటంగా ఉంటే డాక్టరమ్మ టైముకు తినమంది అని చెప్పు, ఆమె ఎట్లాగూ అదే చెప్తుంది. ఇద్దరి తిండి తినమని కూడా నేను చెప్పడం లేదు, అది ఇంకో పిచ్చి మాట. నువ్వు రోజూ తినేదానికి పైన ఒక గ్లాసు పాలు, పిడికెడు చెనిక్కాయలు, ఒక అరటిపండు తోడైతే దాదాపు సరిపోయినట్టే. తొమ్మిది నెలలకు పది పన్నెండు కిలోలు పెరిగితే చాలు.

చెనిక్కాయల సంగతి చెప్తా ఉండు. మన జిల్లాల్లో దాన్ని పేదోళ్ల తిండి అని పక్కన పెట్టి బాదం కొంటున్నారు, మీ ఆయన తెచ్చిన డబ్బా నేను చూశానులే. పిడికెడు చెనిక్కాయల్లో ఏడెనిమిది గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వేయించుకో, ఉడకబెట్టుకో, ఊరిబిండి పచ్చడి చేసుకో. ఒక్కటి మాత్రం చూసుకో: నల్లబడినవి, బూజు పట్టినవి, నోట్లో వేస్తే చేదు తగిలినవి పారెయ్, అయ్యో అని తినొద్దు, ఆ బూజులో విషం ఉంటుంది.

సంగటి రోజూ తిను. రాగుల్లో రక్తం పట్టే గుణం ఉందని అందరూ అంటారు గానీ దాని అసలు బలం కాల్షియం, వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు, పాలకంటే ఎక్కువ. రక్తానికైతే మునగాకు, తోటకూర, పప్పులు, గుడ్డు, మాంసం. ఆకుకూర పప్పు దించాక నిమ్మకాయ పిండుకో, లేదా తిన్నాక ఒక చీనీకాయ ఒలుచుకుని తిను. మీ అనంతపురంలో చీనీ తోటలకు కొదవా? వాటిలోని విటమిన్ సి తోడైతే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాత్రం ఈ నాలుగు నెలలు మానుకో, అది ఇనుమును పట్టనివ్వదు. టీ లేకపోతే తలనొప్పి అంటావు, నాకు తెలుసు. తాగు, కానీ తిన్న గంటన్నరకు.

డాక్టరు ఇనుము మాత్రలు రోజుకు రెండు రాసింది కదా, అవి తిండితో భర్తీ అయ్యేవి కావు, వేసుకోవాల్సిందే. కాల్షియం మాత్రతో కలిపి ఒకేసారి మింగకు, ఒకదాన్ని ఇంకొకటి అడ్డుకుంటాయి, మధ్య రెండు గంటలైనా తేడా ఉండాలి. పాలతో అసలు వేసుకోవద్దు. ఇనుము మాత్రలు రెండిట్లో ఒకటి రాత్రి అన్నం తిన్న గంట తర్వాత పడుకునే ముందు వేసుకుంటే వికారం నిద్రలో పోతుంది. దొడ్డికి నల్లగా వస్తే భయపడొద్దు, అది మాత్ర వల్లే. మలబద్ధకం అయితే నీళ్లు, మజ్జిగ ఎక్కువ తాగు, అదీ తగ్గకపోతే మందు మార్చమని అడుగు. నాలాగా గడ్డివాములో దూర్చకు, మీకు గడ్డివాము కూడా లేదు.

బొప్పాయి తినొచ్చా అని అడిగావు. పచ్చిది, సగం పండింది వద్దు, బాగా పండింది ఒక ముక్క తింటే ఏం కాదు. గుడ్డు వేడి, నువ్వులు వేడి అని ఆపేవాళ్ల మాట వినకు. కుంకుమపువ్వుకు వందలు పోసి బిడ్డ రంగు మారుతుందనుకోవడం ఉత్త భ్రమ, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కో. ఇక ఎర్రకారం దోసె. ప్రొద్దుటూరులో పుట్టినదాన్ని వద్దని చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. గుండెల్లో మంట రాకపోతే పగలు ఒకటి తిను, రాత్రి మాత్రం వద్దు, తిన్నాక గంట దాకా పడుకోవద్దు.

అంగన్‌వాడీలో పేరు రాయించుకున్నావా లేదా చెప్పలేదు. టౌన్‌లో ఉంటూ వాళ్లిచ్చే గుడ్లకు, రాగి పిండికి, ఖర్జూరానికి పోవడం నామోషీ అనుకుంటున్నావని నాకు అనుమానం. మీ అమ్మకు అప్పట్లో ఇవేవీ లేవు. పో, రాయించుకో. మొదటి కాన్పుకు మాతృ వందన యోజన డబ్బులు 5,000 విడతలుగా వస్తాయి, అర్హత ఉందో లేదో అక్కడే అడుగు. టీకాలకు, బరువు చూడ్డానికి ఎట్లాగూ పిలుస్తారు.

బియ్యం డబ్బా పక్కన వేయించిన చెనిక్కాయల గిన్నె ఒకటి పెట్టుకో. నమలాలనిపిస్తే చెయ్యి అటు పోతుంది. ఇది కూడా డాక్టరుకు చెప్పు, సిగ్గుపడొద్దు, వాళ్లు రోజూ వినేదే.

వచ్చే బుధవారం నేనే వస్తున్నా. మీ అత్తతో మధ్యాహ్నం భోజనం సంగతి నేను మాట్లాడతా, నువ్వు పక్కన నిలబడి బిక్కమొహం పెట్టకుండా ఉంటే చాలు. రాగి పిండి తెస్తా, పెరట్లో మునగాకు ఉంది, అదీ కోసుకొస్తా. ఓలిగలు మాత్రం ఇప్పుడు అడగొద్దు, ఆరో నెలలో షుగర్ టెస్టు ఉంటుంది కదా, అది బాగుందని వస్తే చేసి పంపుతా.

మీ పెద్దమ్మ