గుండె విరుగుతుందా, పలుగుతుందా?

సందేహం: ఒక వైద్య వ్యాసంలో ‘విరిగిన గుండె జబ్బు’ అని చదివాను. మా ఇంట్లో అందరూ ‘గుండె పలిగింది’ అనే అంటారు. ఏది సరైనది? ‘పలిగింది’ తప్పా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: ‘పలిగింది’ తప్పేమీ కాదమ్మా. ‘పగిలింది’లో గ, ల తారుమారైన రూపం అది. వ్యాకరణంలో వర్ణవ్యత్యయం అంటారు. వరంగల్, కరీంనగర్ వైపు కుండైనా కొబ్బరికాయైనా పలుగుతుంది. తప్పల్లా ఇంగ్లీషు ‘బ్రోకెన్ హార్ట్ సిండ్రోమ్’ను మాటకు మాట దించిన ‘విరిగిన’లో ఉంది. మనకు కట్టె విరుగుతుంది, ఎముక విరుగుతుంది, పాలు విరుగుతాయి. మనసూ విరుగుతుంది గానీ, అప్పుడు మిగిలేది అయిష్టం. ‘అల్లుని మీద మనసు విరిగింది’ అంటే ఎవరూ డాక్టర్‌ దగ్గరికి పరుగెత్తరు.

అలాగని జబ్బు పేరుగా ‘గుండె పగులు’ కూడా నాకు నచ్చదు. పెద్ద గుండెపోటు తర్వాత గుండె గోడ నిజంగానే చిట్లే ప్రమాదం ఒకటుంది, అది వేరు. పెద్ద దుఃఖం లాంటి దెబ్బతో వచ్చే ఈ జబ్బులో ఈసీజీ, రక్తపరీక్ష గుండెపోటు లాగే కనిపిస్తాయి. గుండె రక్తనాళాలను చూసే యాంజియోగ్రామ్‌లో మాత్రం అందుకు కారణమయ్యే అడ్డు దొరకదు. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే గుండె ఎడమ కింది గది కొన కదలిక లేక ఉబ్బి ఉంటుంది, దాని పైభాగమేమో గట్టిగా ముడుచుకుంటూ ఉంటుంది. ఎంఆర్‌ఐలో వాపు తెలుస్తుంది, గుండెపోటు వదిలే మచ్చ సాధారణంగా ఉండదు. చాలామందికి కొన్ని వారాల్లో గుండె మామూలవుతుంది. 1990లో జపాన్ వైద్యులు ఆ ఆకారం చూసే, ఆక్టోపస్‌లు పట్టే కుండ పేరు ‘టకోట్సుబో’ పెట్టారు. వరంగల్‌లో కనిపెట్టి ఉంటే ‘కల్లు లొట్టి’ అనేవాళ్లమేమో, సన్నటి మెడ, గుండ్రటి అడుగు!

మా వైపు దిగులును రంది అంటాం కాబట్టి ‘రంది జబ్బు’ అందామా అని నాకూ ఆశ పుట్టింది. కానీ రంది మనిషిని రోజూ కొంచెం కొంచెం తింటుంది. ఇది ఎక్కువగా ఉన్నట్టుండి తగిలిన దెబ్బతో వస్తుంది. అరుదుగా పట్టరాని సంతోషంతోనూ వస్తుంది, దాన్ని రంది అనలేం కదా. రాసేటప్పుడు ‘ఒత్తిడితో గుండె ఉబ్బడం’ అనండి, పక్కన టకోట్సుబో అని చేర్చండి. స్కానింగ్‌లో కనబడేది అదే.

ఇంట్లో మాటకు ఈ పట్టింపు అక్కర్లేదు. ‘కొడుకు పోయినంక ఆమె గుండె పలిగింది’ అని హాయిగా అనొచ్చు. కాకపోతే ఆమెకు ఛాతీలో నొప్పి వస్తే ‘రందితోనే’ అనుకుని కూర్చోవద్దు. గుండెపోటా, ఇదా అన్నది సాధారణంగా యాంజియోగ్రామ్ చేస్తేనే తేలుతుంది.